అరవై అయిదు అంగలు

మా అత్తగారు నా మీద కోప్పడిన సందర్భాలు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి గానీ, నాతో మాట్లాడటమే మానేసింది మాత్రం ఒక్కసారే. మా వీధిలో బండ్ల వేగం తగ్గించిన ఎండాకాలంలో. తప్పు నాదే. ఆవిడ మీద జాలిపడ్డాను.

ఆవిడ ముప్ఫై రెండేళ్ళు స్కూల్లో ఆటల టీచరుగా పనిచేశారు. వీధిలో ఇప్పటికీ విజిల్ టీచర్ అనే పిలుస్తారు. ఉద్యోగం మానేసేటప్పుడు స్కూలు వాళ్ళు ఇచ్చిన గోడగడియారం అటక మీద పడేశారు గానీ, కీ ఇచ్చి తిప్పే పాత స్టాప్‌వాచ్ మాత్రం మంచం పక్కన మేకుకి వేలాడేది. నేను బట్టలు కుడతాను. ముందు గదిలో కిటికీ పక్కనే నా మిషను కాబట్టి వీధిలో చీమ చిటుక్కుమన్నా ముందు నాకే తెలుస్తుంది. మా ఆయన కొరియర్ వ్యాన్ నడిపేవారు. రోజుకి తొంభై గుమ్మాలు ఎక్కి దిగాలి. వ్యాన్‌లో బిగించిన ఫోను గుమ్మానికిన్ని నిమిషాలని లెక్కకట్టి, ఆలస్యమైతే ఎర్రబొమ్మ చూపించేది. నెలలో ఎర్రబొమ్మలు ఎక్కువైతే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ ఫోను చూసినట్టు ఆయన నా మొహం చూసి ఉంటే నేను ఈపాటికి గర్వంతో లావెక్కి ఉండేదాన్ని.

మా వీధి రెండు పెద్ద రోడ్ల మధ్య ఉంది. సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టంలేని ప్రతివాడూ ఇందులో దూరతాడు. మధ్యలో ఒక మలుపు, మలుపు దాటాక కొంచెం దూరంలో మా ఇల్లు. ఎదురింట్లో లెక్కల టీచర్. ఆవిడా మా అత్తగారూ ఒకే స్కూల్లో పనిచేశారు, ముప్ఫై రెండేళ్ళూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. రెండేళ్ళ క్రితం తుంటి ఎముక విరిగి లెక్కల టీచర్ చక్రాల కుర్చీకి పరిమితమయ్యాక, రోజూ నాలుగింటికి ఫ్లాస్కులో టీ పోసుకుని మా అత్తగారే వీధి దాటి వెళ్ళేవారు.

తర్వాత అత్తగారి మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోవడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక అడుగు వేసేవారు, మలుపులోంచి బండి వచ్చేది, వెనక్కి వచ్చేవారు. ఒక్కోసారి అలా పావుగంట. ఎప్పుడైనా లోపలికి వచ్చేసి, "టీ చల్లారిపోయింది, రేపు వెళ్తాలే," అనేవారు. భయమేసిందని మాత్రం నోరు తెరిచి అనేవారు కాదు. నేనే మిషను ఆపి వెళ్ళి మోచెయ్యి పట్టుకుని దాటించేదాన్ని. అది ఆవిడకి బొత్తిగా గిట్టేది కాదు. అవతల గట్టెక్కగానే నా చెయ్యి విదిలించుకునేవారు.

ఎండలు ముదిరే రోజుల్లో వార్డు ఆఫీసు వాళ్ళు వీధి మొదట్లో ఒక కాగితం అంటించారు. ఇళ్ళుండే వీధుల్లో వేగాన్ని యాభై కిలోమీటర్ల నుంచి ముప్ఫైకి తగ్గించే ఆలోచన ఉందనీ, ఎవరికైనా అభ్యంతరాలున్నా, ఇవ్వదగ్గ సమాచారమున్నా ఆరు వారాల్లోగా తెలపాలనీ అందులో ఉంది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"సమాచారం అంటే ఏమిటే?" అని వీధికి అడ్డంగా అరిచి అడిగారు.

"లెక్కలు!" అని ఎదురింటి కిటికీలోంచి జవాబొచ్చింది. "నువ్వు టైము చూడు, నేను లెక్క కడతా."

మర్నాడు పొద్దున్నే అత్తగారు సుద్దముక్క పట్టుకుని బయల్దేరారు. రోడ్డు మీద యాభై మీటర్ల దూరంలో రెండు గీతలు గీయాలి. మొదటి గీత మీద ముందు చక్రం పడగానే స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత దగ్గర ఆపాలి. నేను నా టేపు తీసుకుని వెళ్ళాను.

"అది చొక్కాలకి పనికొస్తుంది," అన్నారు. "దాంతో వీధి కొలిచేసరికి తెల్లారుతుంది. అరవై అయిదు అంగలు వేస్తే యాభై మీటర్లు. ముప్ఫై రెండేళ్ళు పిల్లలు నా అంగల మీదే పరిగెత్తారు. ఒకసారి హెడ్మాస్టర్ టేపు పెట్టి సరిచూస్తే నాలుగు వేళ్ళు తేడా వచ్చింది. ఆ టేపు సాగిపోయింది మరి."

నడుము నిటారుగా పెట్టి, బయటికే లెక్కపెడుతూ నడిచారు. అరవై అయిదో అంగ దగ్గర వంగి గీత గీసి, నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశారు.

నేను నవ్వాను గానీ నాకెందుకో అనుమానమొచ్చింది. ఆవిడ బట్టలు కుట్టేది నేనే. ఈ రెండేళ్ళలో ఆవిడ ట్రాక్ ప్యాంటు అంచులు రెండుసార్లు పైకి మడిచి కుట్టాను, ఆవిడకి చెప్పకుండానే. నడక చూస్తే తడి గచ్చు మీద నడుస్తున్నట్టుంది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు, ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతల మధ్య నా టేపు పరిచాను. ఇరవై ఏడుసార్లు పరిచాక ఇంకో మూర మిగిలింది. నలభై ఒక్క మీటర్లు.

చెబుదామనే లోపలికొచ్చాను. అత్తగారు లేచి, మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని అద్దంలో చూసుకుంటున్నారు. ఆపరేషన్ తర్వాత ఆవిడ మొహంలో ఆ కళ చూడటం అదే మొదటిసారి. నోరు రాలేదు. ఇంకో మాట కూడా దాచకుండా చెబుతాను. దూరం తగ్గితే వేగం ఎక్కువ కనిపిస్తుంది, వేగం ఎక్కువ కనిపిస్తే ముప్ఫై బోర్డు తొందరగా వస్తుంది, నేను మిషను ఆపి లేవాల్సిన పని తప్పుతుంది. ఆ ఆశ కూడా ఉంది నాకు.

మర్నాటి నుంచి మా వీధిలో పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా అదే సందడి.

"మూడు పాయింట్ మూడు!" అని ఇటునుంచి అత్తగారు.

"యాభై నాలుగు!" అని అటునుంచి లెక్కల టీచర్. కాలిక్యులేటరూ లేదు, కాగితమూ లేదు. నోటితోనే. రాసుకోవడానికే కాగితం.

"నిన్న కూరల బండి అబ్బాయిది కూడా రాశావా?"

"వాడు తోసుకుంటూ వెళ్తున్నాడే! నాలుగు కిలోమీటర్లు!"

"అయినా రాయి. రేపు మనం ఎవర్నో వదిలేశామనకూడదు."

మా ఆయనకి ఒక అలవాటుండేది. పెళ్ళైన కొత్తలో మొదలైంది. మా ఇంటి ముందు నుంచి వ్యాన్ వెళ్ళినప్పుడల్లా రెండు చిన్న హారన్లు కొట్టేవారు. ఆగడానికి టైముండదు కాబట్టి అదే పలకరింపు. నేను మిషను మీంచి తలెత్తకుండానే నవ్వుకునేదాన్ని. నాలుగో రోజు పదిన్నరకి ఆ రెండు హారన్లు వినిపించాయి. తర్వాత అత్తగారి గొంతు మాత్రం వినిపించలేదు.

"ఎంతే?" అని లెక్కల టీచర్ అరిచింది.

కాసేపాగి, "సరిగ్గా మూడు," అన్నారు అత్తగారు.

"అరవై! అమ్మో! ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. ఎవడే ఆ దరిద్రుడు? నెంబరు చెప్పు."

అత్తగారు నెంబరు చెప్పారు. అంకెలు సగం రాశాక ఎదురింట్లో పెన్సిలు ఆగింది.

"ఇది మనవాడిది కదే?"

"రాయి."

"ఒక్కటే కదా, వదిలేద్దాం..."

"రాయమన్నానా!"

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి ఆవిడే బయటపెట్టారు. దాచడం ఆవిడ వంశంలో లేదు. మా ఆయన కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"సొంత కొడుకు నెంబరు ఆఫీసుకి రాసిచ్చే తల్లి ఎక్కడైనా ఉంటుందామ్మా?"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నీది కొట్టేసి ఊళ్ళోవాళ్ళవి ఎలా ఇస్తాను?"

"ముప్ఫై పెడితే ఇలాంటి వీధులన్నిట్లోనూ కలిపి నాకు రోజుకి అరగంట పోతుంది. ఆ ఫోను ఊరుకుంటుందా? తొమ్మిదేళ్ళుగా చేస్తున్న రూటమ్మా. ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో, ఏ తాతయ్యకి బెల్లు వినపడదో నాకే తెలుసు. అదంతా పోతుంది."

"అయితే నెమ్మదిగా వెళ్ళడం ఎలాగో ఆ ఫోనుకి నేర్పించు."

"అయినా మన వీధే కదమ్మా. కళ్ళు మూసుకుని నడపగలను."

"నడుపుతున్నది అలాగేగా," అన్నారు అత్తగారు, మజ్జిగ పోసుకుంటూ.

ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనై, ఎవరు నా వైపు చూస్తే వాళ్ళకి కూర వడ్డించాను.

రెండు వారాలయ్యాక ఒక మధ్యాహ్నం అత్తగారు స్టాప్‌వాచ్ తెచ్చి నా చేతిలో పెట్టారు. మలుపులో బండి కనబడ్డాక మా గేటు దగ్గరికి రావడానికి సగటున ఆరున్నర సెకన్లు పడుతోందని అప్పటికే లెక్క తీశారు. "నేను దాటడానికి ఎంత పడుతుందో చూడు. చెయ్యి పట్టుకోకు, ఊరికే చూడు," అన్నారు.

వీధి ఖాళీగా ఉంది. నేను నొక్కాను. ఆవిడ నడిచారు. చేతులు ఊపుతూ, పెదవులు బిగించి, పోటీలో పాల్గొన్న పిల్లలా నడిచారు. అవతల గట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు. ఆయాసపడుతున్నారు. ఎండకి మొహమంతా ఎర్రబడిపోయింది.

"ఎంత?"

ముల్లు తొమ్మిది మీద ఉంది.

"ఏడు, అత్తయ్యా."

"ఏడా? ఇంకో అర సెకనేగా! వారం ప్రాక్టీసు చేస్తే వచ్చేస్తుంది." ఆవిడ నవ్వు చూసి, నేను మంచిపనే చేశాననుకున్నాను. అంత తెలివి నాది. ఆ రోజు నుంచి వరండాలో ఇటు గోడకీ అటు గోడకీ నడవడం మొదలుపెట్టారు. నన్ను మోచెయ్యి మీద చెయ్యి వేయనివ్వలేదు. నాలుగు అయ్యేసరికి నేను లేవబోతే, "కూర్చో, పని చూసుకో," అనేవారు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. వీధి మరీ ఖాళీగా ఉన్నప్పుడు చూసి దాటేవారు కాబట్టి అయిదారు రోజులు గడిచిపోయాయి.

ఆ తర్వాతి గురువారం ఒకావిడ జాకెట్టు చెయ్యి పొడుగైందని తెచ్చింది. గుండుసూదులు నోట్లో పెట్టుకుని కొలుస్తున్నాను. గేటు చప్పుడు వినబడింది. తర్వాత బ్రేకు చప్పుడు. గుండుసూదులు అన్నీ ఎక్కడ ఉమ్మేశానో నాకు తెలియదు.

వీధి మధ్యలో మా వ్యాన్ ఆగి ఉంది. దాని ముందు అత్తగారు ఒక చేత్తో ఫ్లాస్కు పట్టుకుని, రెండో చెయ్యి బానెట్ మీద ఆనించి నిలబడి ఉన్నారు. ఆవిడకీ వ్యాన్‌కీ మధ్య జానెడు ఖాళీ. లోపల మా ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. ఫోను ఏదో చెబుతోంది.

"హారన్ కొట్టలేదేంరా ఇవాళ?" అన్నారు అత్తగారు.

ఆవిడ బానెట్ మీద రెండుసార్లు తట్టి, మిగిలిన సగం వీధీ దాటి, ఎదురింట్లోకి వెళ్ళిపోయారు.

వెనక బండ్లు ఆగి అరుస్తుంటే ఆయన వ్యాన్ పక్కకి తీసి, వచ్చి మా గేటు మెట్టు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయారు. నేనే తాగించాను.

"నలభై అయిదు," అన్నారు చివరికి.

"ఏమిటి?"

"స్పీడు. అమ్మ కనబడగానే నా కన్ను మీటరు మీదే పడింది. నలభై అయిదులోనే వస్తున్నాను. రూల్ ప్రకారమే వస్తున్నానే నేను. రూల్ ప్రకారం వస్తూ మా అమ్మని..."

కాసేపటికి తలెత్తి, "ఆ రోజు కూడా యాభై దాటలేదు నేను. అరవై ఎలా వచ్చింది?" అన్నారు. ఆయన లోపలికెళ్ళి నా టేపు తీసుకొచ్చి, నేను కూర్చున్నట్టే మోకాళ్ళ మీద కూర్చుని గీతల మధ్య కొలిచారు. లేచి నా మొహం చూశారు. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"నీకు తెలుసా?"

"తెలుసు. మొదటి రోజే కొలిచాను. ఇంకోటి కూడా ఉంది." ఏడు సెకన్ల సంగతి చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"ఈ కాగితం ఇలాగే ఆఫీసుకి వెళ్తే ఎవరో ఒకరు టేపు పెట్టి కొలుస్తారు," అన్నారు. "అమ్మ పదిమందిలో నవ్వులపాలవుతుంది. నా రూటు మాత్రం బతుకుతుంది. నేను నోరు మూసుకుంటే చాలు." టేపు చుట్టి నా చేతిలో పెట్టారు. "వెళ్ళి చెప్పు. దాచింది నువ్వు, చెప్పాల్సిందీ నువ్వే."

ఎదురింట్లో ఇద్దరూ టీ తాగుతున్నారు. నేను నిలబడే చెప్పాను, గీతల సంగతి మాత్రమే. లెక్కల టీచర్ కప్పు కింద పెట్టింది. అత్తగారు నమ్మలేదు. "టేపు ఇలా తే," అన్నారు. గచ్చు మీద ఒక అంగ వేసి, అలాగే నిలబడి, కొలవమన్నారు. వంగి కొలిచాను.

"అరవై మూడు సెంటీమీటర్లు."

"డెబ్భై ఏడు ఉండేది," అన్నారు ఆవిడ. తన కాళ్ళ వైపు, ఎవరివో అన్నట్టు చూసుకున్నారు. ఇంకోసారి అంగ వేశారు. అరవై రెండు.

లెక్కల టీచర్ మెల్లగా, "పోనీలేవే, నాకైతే అసలు అంగే లేదు," అంది. అత్తగారు నవ్వలేదు. నా వైపు తిరిగారు. ఆటల టీచరు బుర్ర అది, ఎక్కడా ఆగదు.

"అయితే ఆ ఏడు సెకన్లు?"

"తొమ్మిది, అత్తయ్యా."

"పరుగులో ఆఖర్న వచ్చిన పిల్లకి కూడా నేను ఒక్కసారీ తప్పు టైము చెప్పలేదు," అన్నారు. "ఏడ్చేవాళ్ళు. అయినా చెప్పేదాన్ని. ఎంత వెనకపడ్డారో తెలియకపోతే ఎలా పరిగెడతారే?"

అంతే. ఆ రోజు నుంచి ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. నేను వడ్డిస్తే తినేవారు, కంచం మాత్రం తనే కడుక్కునేవారు. నాలుగింటికి గేటు దగ్గర నిలబడితే నేను వెళ్ళి మోచెయ్యి పట్టుకునేదాన్ని. పట్టుకోనిచ్చేవారు. విదిలించుకోలేదు కూడా. విదిలించుకుని ఉంటే బావుండునని ఏడుపొచ్చేది నాకు. ఆ ఎనిమిది రోజుల్లో వాళ్ళిద్దరూ కూర్చుని నాలుగు వందల పన్నెండు బండ్ల లెక్కా మొదట్నుంచి తిరగరాశారు.

వార్డు ఆఫీసు హాల్లో మీటింగు. లెక్కల టీచర్ కుర్చీ నేనే తోసుకెళ్ళాను. మా ఆయన మాతో కూర్చోలేదు, అవతలి వైపు డ్రైవర్లతో కూర్చున్నారు. బల్ల దగ్గర ఇంజనీరమ్మ, చిన్నపిల్లే, కాగితాలు సర్దుకుంటోంది. అత్తగారు లేచి నిలబడ్డారు.

"ముందు ఒక తప్పు చెప్పాలి," అన్నారు. "దూరం నేను అంగలతో కొలిచాను. నా అంగ చిన్నదైపోయిందని నాకు తెలియలేదు. సగటు వేగం యాభై నాలుగని రాశాం. అది నలభై నాలుగే. సరిచేసిన కాగితం ఇదిగో."

హాల్లో గుసగుసలు. డ్రైవర్ల వైపు నుంచి టాక్సీల సంఘం పెద్దాయన లేచాడు. తెల్ల మీసాలు, పెద్దమనిషే. "టీచరుగారూ, మా అబ్బాయి మీ దగ్గరే పరుగులు నేర్చుకున్నాడు. మీరంటే గౌరవం. కానీ మీ లెక్క ప్రకారమే అందరూ యాభై లోపు వెళ్తున్నట్టేగా? రూల్ ఎవరూ తప్పనప్పుడు కొత్త రూల్ దేనికండీ?" అన్నాడు.

నలుగురు నవ్వారు. న్యాయమైన ప్రశ్నే. అత్తగారు సరిచేసిన కాగితం తిప్పి తిప్పి చూశారు.

అప్పుడు మా ఆయన లేచి మధ్యలోకి వచ్చారు. జేబులోంచి నా టేపు తీశారు. నేల మీద ఏడు మీటర్లు కొలిచి, ఈ చివర ఒక కుర్చీ, ఆ చివర ఒక కుర్చీ పెట్టారు.

"మా వీధి వెడల్పు ఇంతండి," అన్నారు. "అమ్మా, రా. నడువు."

అత్తగారు మొదటి కుర్చీ దగ్గరికి వచ్చారు. మెడలోంచి స్టాప్‌వాచ్ తీశారు. ఎవరికిస్తారో అని చూస్తున్నాను. నా ముందుకొచ్చి ఆగారు.

"ఈసారి సరిగ్గా చూడు," అన్నారు. ఎనిమిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"మలుపులో కనబడ్డ బండి మా గేటు దగ్గరికి ఆరున్నర సెకన్లలో వస్తుంది. ఆరున్నర అవగానే గట్టిగా చెప్పు," అన్నారు మా ఆయన.

నొక్కాను. ఆవిడ నడిచారు. హాలంతా ఆవిడ చెప్పుల చప్పుడే. ఆ అరవై మూడు సెంటీమీటర్ల అంగలు ఒక్కొక్కటే పడుతుంటే, నా చేతిలో ముల్లు మాత్రం ఆగకుండా తిరుగుతోంది. జాలిపడి ఒక్క సెకను ఆలస్యంగా చెప్పాలని అప్పుడు కూడా అనిపించింది. ఒట్టు.

"ఆరున్నర!"

అత్తగారు ఆగిపోయారు. అవతలి కుర్చీకి ఇంకా రెండు మీటర్లుంది.

మా ఆయన డ్రైవర్ల వైపు తిరిగారు. "ఆ బండి నాది," అన్నారు. "పోయిన వారం, గురువారం, మా అమ్మ వీధి మధ్యలో ఉంది. నలభై అయిదులో వస్తున్నా. రూల్ ప్రకారమే." వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

ఎవరూ నవ్వలేదు. టాక్సీల పెద్దాయన అవతలి కుర్చీని తనే మోసుకొచ్చి అత్తగారి వెనక వేసి, "కూర్చోండమ్మా," అన్నాడు. ఇంజనీరమ్మ, "ముప్ఫైలో వస్తే ఎంత పడుతుంది?" అని తనలో తాను అనుకుంటూ పెన్ను తీసింది. ఆవిడ పెన్ను కాగితం మీద పెట్టకముందే లెక్కల టీచర్, "తొమ్మిదిన్నర," అంది. "దీనికి అర సెకను మిగులుతుంది."

"అర సెకనుతో మెడల్ కొట్టినవాళ్ళున్నారు," అన్నారు అత్తగారు, కుర్చీలో కూర్చుంటూ.

ఎండాకాలం చివర్లో బోర్డులు వచ్చాయి. రోడ్డు మీద తెల్లరంగుతో ముప్ఫై అని రాశారు. రాసిన రోజు అత్తగారు వెళ్ళి ఆ అంకెలు వంకరగా ఉన్నాయని పనివాళ్ళతో పోట్లాడి వచ్చారు. మొదట్లో అందరూ తిట్టుకున్నారు, సగంమంది పాత వేగంలోనే వెళ్ళారు. మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా గట్టు వేశాక దారికొచ్చారు.

మా ఆయన ముప్ఫైలోనే నడిపారు. ఫోను మొహం రోజూ ఎర్రగానే ఉండేది. ఆరు వారాలు చూసి, రూటు ఇంకో కుర్రాడికి ఇచ్చేశారు. ఈయన్ని ఊరి బయట గోడౌన్ల వైపు వేశారు. అక్కడ పెద్ద రోడ్లు, గుమ్మాలు తక్కువ, తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు. పాత రూటులో చెవులు వినపడని తాతయ్య ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మీ ఆయనకి ఏమైనా అయిందా అని అడిగి వెళ్ళాడు. ఆ సంగతి చెబితే ఈయన, "తలుపు గట్టిగా కొట్టమని ఆ కుర్రాడికి చెప్పాలి," అన్నారు. అత్తగారు కొడుకుతో ఆ విషయం ఎత్తలేదు గానీ, పొద్దున్నే ఆయన కంటే ముందు లేచి టిఫిను కట్టడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ పని నాది. పదిన్నరకి ఆ రెండు హారన్లు లేకపోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ఆ టైముకి నా కాలు మిషను తొక్కడం దానంతటదే ఆగుతుంది.

ఎండలు తగ్గిన ఒక సాయంత్రం, నాలుగింటికి, అత్తగారు ఫ్లాస్కు పట్టుకుని నా మిషను దగ్గరికి వచ్చారు. స్టాప్‌వాచ్ నా ముందు పెట్టారు.

"చెయ్యి అక్కర్లేదు. చూడు చాలు."

గేటు దగ్గర నిలబడి నొక్కాను. ఆవిడ దిగారు. వీధి మధ్యకి వచ్చేసరికి మలుపులోంచి ఒక కారు తిరిగింది. అత్తగారు ఆగిపోయారు. భయపడ్డారనుకుని ఒక అడుగు ముందుకేశాను. భయం కాదు. ఫ్లాస్కు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, చీకూచింతా లేనట్టు నిలబడి, ఆ కారు వైపు చూస్తున్నారు. కారు మెల్లగా వచ్చింది. ఇంకా మెల్లబడింది. ఆగింది. లోపల ఉన్నతను తల వంచి నమస్కారం పెట్టాడు. అప్పుడు గానీ ఆవిడ కదల్లేదు.

అవతల గట్టు మీద నుంచి వెనక్కి తిరిగి అరిచారు.

"ఎంత?"

ముల్లు చూశాను.

"పదిహేడు, అత్తయ్యా!"

"చాలా ఎక్కువే!" అని కిటికీలోంచి లెక్కల టీచర్ అరిచింది. "నడుమ అలా ఆగిపోయావేమే?"

"ఊరికే," అన్నారు మా అత్తగారు. "ఇప్పుడు ఆగొచ్చుగా."